మండపానికి అడ్వాన్సు కట్టకముందు రాసుకున్న నోటుబుక్కు

మా బీరువా పై అరలో పట్టుచీరల కింద ఒక లాంగ్ నోటుబుక్కు ఉంది. అట్ట మీద పేరేమీ లేదు. పెళ్ళికి ముందు నేనూ మా ఆయనా కూర్చుని రాసుకున్న ఒప్పందం అది. ఈమధ్య మా పిన్ని కూతురికి సంబంధం కుదిరింది. "అక్కా, ఆ పేజీలు ఫొటో తీసి పంపు, పేర్లు మార్చి రాసుకుంటాం" అంది. పంపలేదు. పేర్లు మారిస్తే సరిపోయే కాగితం కాదది. ఎలా రాసుకోవాలో చెప్తాను అని ఫోనులో మొదలుపెడితే గంట దాటింది, సగం కూడా అవలేదు. అందుకే రాసి పెడుతున్నాను.

మా నాయన చిత్తూరులో దస్తావేజు లేఖరి. ముప్పై ఏళ్ళుగా భాగపరిష్కారాలు, విక్రయాలు, వీలునామాలు రాశాడు. అన్నదమ్ములు చొక్కాలు పట్టుకోవడం ఆయన రోజూ చూసేదే. "పెళ్ళిచూపుల్లో ఎకరాలు అడుగుతారు, ఆ ఎకరాల మీద ఈసీ మాత్రం తీయరు" అని అన్నం తింటూ నవ్వేవాడు. ఈసీ అంటే ఆ ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు ఏమున్నాయో చూపే రిజిస్ట్రారు ఆఫీసు కాగితం. నాకు ఈ ఆలోచన వచ్చింది ఆ మాటల్లోంచే.

ముందు చట్టం సంగతి, ఎందుకంటే చాలామంది లెక్క ఇక్కడే తప్పుతుంది. హిందువుల పెళ్ళిళ్ళ విషయంలో ముందస్తు ఒప్పందాన్ని గుర్తించే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. పైగా 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను ప్రకారం ప్రజాహితానికి విరుద్ధమైన ఒప్పందం చెల్లదు. విడిపోతే భరణం అడగనని అమ్మాయి చేత రాయించుకున్నా, పిల్లలు ఎవరి దగ్గర పెరగాలో ముందే తేల్చుకున్నా, కోర్టు దానికి కట్టుబడి ఉండదు. గోవాలో పోర్చుగీసుల కాలం నాటి సివిల్ కోడ్ ఇంకా నడుస్తోంది కాబట్టి అక్కడ పెళ్ళికి ముందే ఆస్తి పద్ధతి ఎంచుకుని రాసుకోవచ్చు. ముస్లింల నికానామాలో, అంటే పెళ్ళి పత్రంలో, మెహరుతో (వరుడు వధువుకు ఇచ్చే సొమ్ముతో) పాటు షరతులు రాసుకునే వీలుంది. మనకు ఆ దారులు లేవు.

అయినా ఎందుకు రాసుకోవాలంటే, పెళ్ళయినంత మాత్రాన ఒకరి ఆస్తి ఇంకొకరిది అయిపోదు, ఎవరి పేరు మీద ఉన్నది వాళ్ళదే. అప్పూ అంతే. ఇది చట్టం ఎలాగూ చెప్తున్న మాటే. ఎవరిది ఏదో తేదీతో సహా రాసి పెట్టుకుంటే, రేపు మరిచిపోయినా, మరిచిపోయినట్టు నటించినా, కాగితం గుర్తుచేస్తుంది. ఇంకో సంగతి, రాయాలంటే ముందు నోరు తెరవాలి. మాకు ఎక్కువ పనికొచ్చింది అదే. కాబట్టి మీ కాగితంలో "ఇలా జరిగితే అలా చెయ్యాలి" అనే వాక్యాలు తక్కువగా, "ఇది ఉంది, ఇంత బాకీ ఉంది" అనేవి ఎక్కువగా ఉండేట్టు చూసుకోండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి? మాట కుదిరాక, నిశ్చితార్థానికి ముందు. తప్పితే మండపానికి అడ్వాన్సు కట్టకముందైనా. శుభలేఖలు పంచాక ఎవరూ దేనికీ కాదనలేరు. అప్పుడు పెట్టే సంతకం ఇష్టంతో పెట్టినట్టు కాదు. మా పెళ్ళి 2024 ఫిబ్రవరిలో, మాఘమాసంలో. మేము కూర్చోవడం మొదలుపెట్టింది అంతకు ముందు సెప్టెంబరులో. నేను తిరుపతిలో ఒక కాలేజీలో ఉద్యోగం, ఆయన శ్రీసిటీలో. ఆదివారం పొద్దున బాలాజీ కాలనీలో ఒక టిఫిన్ సెంటర్‌లో మూలబల్ల దగ్గర కూర్చునేవాళ్ళం. ఇంట్లో కూర్చుంటే మధ్యలో ఎవరో ఒకరు కాఫీ పట్టుకొచ్చి అక్కడే నిలబడిపోతారు.

విషయం మొదట ఎత్తేటప్పుడు "అగ్రిమెంటు" అనకండి. నేను అని చూశాను. ఆయన ముఖంలో నెత్తురు లేదు. ఆ తర్వాత, "మీ ఇంటి లెక్కలు మీరు రాయండి, మా ఇంటివి నేను రాస్తాను, మార్చుకుని చదువుకుందాం" అన్నాను. అప్పుడు ఒప్పుకున్నారు. ఇంకో కిటుకు, మొదటి పేజీ అడిగినవాళ్ళే రాయాలి. అడిగే హక్కు దాంతోనే వస్తుంది.

మొదటి ఆదివారం అప్పులు. ఆస్తులతో మొదలుపెడితే ఇద్దరూ గొప్పలకు పోతారు, అప్పులతో మొదలుపెడితే ఇద్దరూ నేలమీద ఉంటారు. నా పేజీలో మొదటి వరుస ఎడ్యుకేషన్ లోను, బాకీ 2,35,000. అంతేననుకుని నోటుబుక్కు ఆయన వైపు తిప్పాను. ఆయన చదివి, "చీటీలేమీ లేవా?" అన్నారు. ఉంది. ఐదు లక్షల చీటీ, పాట పాడి ఎత్తేశాను, ఆ డబ్బు చంద్రగిరి దగ్గర కొన్న మూడు సెంట్ల ప్లాటులో పోశాను. ఇంకా పంతొమ్మిది నెలలు కట్టాలి. ఎత్తేసిన చీటీ అప్పే అని నాకెప్పుడూ తోచలేదు, నెలనెలా కట్టే పొదుపు అనే అనుకుంటున్నాను. దస్తావేజు లేఖరి కూతుర్ని!

ఆయన వంతు వచ్చింది. బంగారం లోను 1,80,000 అని రాశారు. పెన్ను ఆగింది. ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపారు, నీళ్ళు తాగారు, మళ్ళీ రాశారు: చెల్లెలి పెళ్ళికి చేబదులు, 4,00,000, నూటికి రెండు రూపాయల వడ్డీ. అంటే ఏడాదికి 24 శాతం. నేను ఏమీ అనలేదు. పక్కన వడ్డీ ఎంతవుతుందో మాత్రం వేశాను, నెలకు ఎనిమిది వేలు. ఇద్దరం ఆ అంకెను కాసేపు చూస్తూ కూర్చున్నాం. సర్వరు వచ్చి ఇంకేం కావాలన్నాడు.

అప్పుల పేజీలో జనం మరిచిపోయేవి ఇంకో రెండున్నాయి. ఎవరికైనా లోనుకు ష్యూరిటీ సంతకం పెట్టారా అని అడగండి. స్నేహితుడు కట్టకపోతే ఆ నోటీసు మీ ఇంటికే వస్తుంది. క్రెడిట్ కార్డుల్లో ఈఎంఐలుగా మార్చుకున్న బాకీ ఎంతో చూడండి. నోటిమాటతో వదలొద్దు, ఇద్దరూ సిబిల్ రిపోర్టు (ఎవరి పేరు మీద ఏ లోన్లున్నాయో చూపేది) తీసి చూపించుకోండి. ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. ఒకరే తీసి చూపిస్తే అది విచారణ, ఇద్దరూ తీస్తే లెక్క.

ఆస్తుల పేజీకి ఎక్కువసేపు పట్టదు. ఎవరి పేరు మీద ఏముంది, ఎప్పుడు కొన్నది, డబ్బు ఎక్కడిది, మూడు ముక్కల్లో రాయండి. భూమి ఉంటే మీభూమి వెబ్‌సైటులో 1-బి, అడంగల్ (భూమి ఎవరి పేరున ఉందో, ఎవరు సాగు చేస్తున్నారో చూపే రికార్డులు) చూడండి, ఈసీ తీయండి. తల్లిదండ్రుల పేరు మీద ఉన్నది మీ పేజీలో రాయకండి. బంగారుపాళ్యం దగ్గర మా మామగారి తోట, మూడెకరాలు తోతాపురి మామిడి. మా ఆయన దాన్ని తన పేజీలో రాయబోతే నాయన మాట గుర్తొచ్చి ఆపాను. "హద్దులు రాయని షెడ్యూలు, కోర్టుకు వేసిన బాట" అంటాడు నాయన. షెడ్యూలంటే దస్తావేజులో ఆస్తి వివరం రాసే చోటు. మన హద్దులో లేనిది మన షెడ్యూల్లో ఎందుకు?

రెండో ఆదివారం గొడవైంది. ఇంటికి పంపే డబ్బు గురించి. నేను అమ్మావాళ్ళకు నెలకు ఎనిమిది వేలు ఇస్తున్నాను, పెళ్ళయ్యాకా ఇస్తాను అని రాశాను. ఆయన చదివి, "పెళ్ళయ్యాక కూడానా?" అన్నారు. ఆ 'కూడానా' నాకు గుచ్చుకుంది. నోటుబుక్కు మూసి, కాఫీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాను. ఆ వారమంతా మాటల్లేవు. అమ్మకు టెన్షన్. "నీ రాతలూ నువ్వూ, సంబంధం పోతే ఎవరు తెస్తారు" అని రెండు రోజులు సణిగింది.

శుక్రవారం రాత్రి ఆయన వాట్సాప్‌లో ఒక ఫొటో పంపారు. డైరీ పేజీ. తను ఇంటికి నెలనెలా ఏమిస్తున్నారో రాశారు: ఆవులకు దాణా, కరెంటు బిల్లు, జేజి మాత్రలు, తమ్ముడి హాస్టలు, గ్యాసు. కింద కూడి గీత గీశారు, 14,300. దాని కింద ఒక్క వాక్యం, "నేను ఇంటికి ఏమీ పంపట్లేదనుకున్నా." ఆయన అబద్ధమాడలేదు. అడిగినప్పుడల్లా ఇచ్చేది ఎవరూ లెక్కలో వేసుకోరు. నాది ఒకే అంకె కాబట్టి కళ్ళకు కనబడింది.

మేము చివరికి రాసుకున్నది ఇది. ఇద్దరి జీతాల్లోంచి ఇంటి ఖర్చుకు ఒక ఉమ్మడి ఖాతా, జీతాల నిష్పత్తిలో వేస్తాం, సగం సగం కాదు. ఎవరి తల్లిదండ్రులకు వాళ్ళు తమ ఖాతాలోంచి ఇచ్చుకుంటారు, రెండోవాళ్ళు లెక్క అడగరు. ఆస్పత్రి ఖర్చయితే అది ఎవరి అమ్మానాన్నలదైనా ఉమ్మడి ఖాతాలోంచే. పెళ్ళికి ముందు అప్పు ఎవరిది వాళ్ళే తీరుస్తారు, ఆ రెండు రూపాయల వడ్డీ అప్పు తప్ప. దాన్ని ఇద్దరం కలిసి ముందు తీర్చేద్దామన్నాం, అది నెలనెలా ఇద్దరి అన్నంలోంచీ తింటుంది కాబట్టి. నేను కట్టినదాన్ని ఆయన తర్వాత నా ప్లాటులో ఇల్లు కట్టేటప్పుడు పెడతారు. మీ ఇంట్లో ఇంకోలా రాసుకుంటారు. అందుకే ఫొటో పంపలేదు.

మూడోసారి బంగారం. ఇందులో చట్టం మీకు నిజంగా తోడుంది, వదులుకోవద్దు. కట్నం ఇవ్వడం, తీసుకోవడం 1961 చట్టం ప్రకారం నేరం, కట్నం గురించి రాసుకున్న ఒప్పందం చెల్లదు. కాబట్టి ఆ మాట కాగితంలోకి రానే కూడదు. అడగకుండా ఇచ్చే బహుమతులకు మాత్రం జాబితా రాయాలని 1985 నియమాలు చెప్తున్నాయి. అమ్మాయికి వచ్చినవాటి జాబితా అమ్మాయి దగ్గర, అబ్బాయికి వచ్చినవి అబ్బాయి దగ్గర ఉండాలి. వస్తువు వివరం, సుమారు విలువ, ఇచ్చినవారి పేరు, బంధుత్వం రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి. ఇన్ని పెళ్ళిళ్ళకు వెళ్ళాను, ఈ జాబితా రాసినవాళ్ళను నేను చూడలేదు. చదివింపుల పుస్తకంలో మాత్రం 101 రూపాయలు కూడా తప్పకుండా ఎక్కుతుంది.

అమ్మాయి బంగారం స్త్రీధనం, దాని మీద హక్కు పూర్తిగా ఆమెదే. అత్తగారి బీరువాలో ఉన్నా ఆమెదే. కానీ 'మా అమ్మ పెట్టిన పదిహేను సవర్లు' అంటే ఏ నగ, ఎంత తూకం? అమ్మ, నేను, మా పెద్దమ్మ కలిసి గాంధీ రోడ్డులో తెలిసిన కొట్టుకు వెళ్ళి ఒక్కొక్కటీ తూకం వేయించాం. అమ్మమ్మ కాసులపేరు పన్నెండు సవర్లని నేను పుట్టినప్పటి నుంచీ వింటున్నాను. కాటాలో పెడితే 71 గ్రాములు, తొమ్మిది సవర్లు కూడా లేదు. పెద్దమ్మ కొట్టు అతన్ని అనుమానంగా చూసి మళ్ళీ పెట్టమంది. మళ్ళీ 71. అమ్మ కొంగు సర్దుకుని మెల్లగా, "మీ మేనమామ డిప్లొమా ఫీజుకు మా అమ్మ నాలుగైదు కాసులు తీయించింది, ఎవరికీ చెప్పలేదు" అంది. నలభై ఏళ్ళ రహస్యం కాటా మీద బయటపడింది. నోటుబుక్కులో కాసులపేరు, 71 గ్రాములు, ఫొటో అతికించాం. ఆడపడుచో, తోడికోడలో రేపు 'పన్నెండన్నారుగా' అంటే చూపించడానికి అది చాలు. లాకరు నా పేరు మీదే, ఆయన నామినీ.

తర్వాత ఇద్దరం వేరువేరు లాయర్ల దగ్గరికి వెళ్ళాం. ఒకే లాయరు ఇద్దరికీ చెప్తే చౌక అనిపిస్తుంది, వద్దు. ఆయన తిరుపతిలో ఒకరికి చూపించారు, నేను చిత్తూరు కోర్టు దగ్గర ఒకావిడకు. ఆవిడ ఎర్ర పెన్నుతో మూడు వాక్యాలు కొట్టేశారు. 'ఎవరైనా విడిపోవాలనుకుంటే రెండోవారికి ఐదు లక్షలు ఇవ్వాలి' అని ఆయన ఉత్సాహంగా రాసింది మొదటిది. 'ఉద్యోగం మానను' అని నేను రాసింది రెండోది. అది మాటగా ఉంచుకోండి, షరతుగా వద్దు అన్నారు. భరణం గురించి రాసింది మూడోది. మిగిలింది చదివి, "ఇందులో సగం వేరే కాగితాల్లోకి పోవాలి" అన్నారు.

ఆ మాట బంగారం లాంటిది. నోటుబుక్కు మీ ఇద్దరికి. చట్టం ముందు నిలబడాల్సింది ఏదో చూసి, దాన్ని దాని కాగితంలో పెట్టాలి. కలిసి ఇల్లు కొంటే విక్రయ దస్తావేజులోనే ఇద్దరి పేర్లూ, ఎవరి వాటా ఎంతో రాయించాలి. ఈఎంఐ ఇద్దరూ కట్టి పేరు ఒకరిదే ఉంటే రెండోవాళ్ళు తర్వాత బ్యాంకు స్టేట్‌మెంట్లు పట్టుకుని తిరగాలి. పీఎఫ్ నామినేషను పెళ్ళయ్యాక కొత్తగా వేయాలి, పాతదాన్ని నమ్ముకోవద్దు. పెళ్ళిని రిజిస్టరు చేయించడం ఎలాగూ తప్పదు, మన రాష్ట్రంలో 2002 చట్టం ప్రకారం తప్పనిసరి.

వీలునామా దగ్గర మాత్రం ఒక నిమిషం ఆగండి. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, పిల్లలు లేని ఆడమనిషి వీలునామా లేకుండా పోతే, ఆమె సొంత సంపాదనతో కొన్నది భర్తకు వెళ్తుంది. భర్త కూడా లేకపోతే భర్త వారసులకు. వాళ్ళెవరూ లేకుంటేనే ఆమె అమ్మానాన్నలకు. నా చీటీ డబ్బుతో కొన్న ప్లాటు, నేనూ ఆయనా ఒకే బస్సులో పోతే, మా అమ్మకు కాక ఆయన తరఫు వాళ్ళకు పోతుందన్నమాట. మగవాళ్ళ విషయంలో భార్య, పిల్లలు, తల్లి సమాన వాటాదార్లు, తండ్రికి ఆ మొదటి వరుసలో చోటు లేదు. ఇది ఆయనకు చెప్తే తోటలో ఎండకు నల్లబడ్డ వాళ్ళ నాయన గుర్తొచ్చి చాలాసేపు మాట్లాడలేదు. ఇద్దరం వీలునామాలు రాశాం. మామూలు తెల్లకాగితం చాలు, స్టాంపు అక్కర్లేదు, ఇద్దరు సాక్షుల సంతకాలు కావాలి. రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు, మేము చేయించాం.

పెద్దవాళ్ళకు చెప్పడం ఆఖర్న పెట్టుకోండి, కానీ దాచొద్దు. నోటుబుక్కు అంతా చదివి వినిపించనక్కర్లేదు. అప్పులు, ఇళ్ళకు పంపే డబ్బు మీ ఇద్దరి మధ్య సంగతి. నగల జాబితా, ఎక్కడ కాపురం, పెళ్ళి ఖర్చు ఎవరెంత, ఇవి మాత్రం వాళ్ళ ముందే తేలాలి. మా అత్తమ్మ కాగితం చూడగానే, "ఏందమ్మా ఇది? తాళి కట్టకముందే తెగదెంపుల లెక్కలా?" అంది. నేను నోరు తెరిచేలోపు గడప దగ్గర కూర్చున్న ఆయన తాత అందుకున్నాడు. "నారాయణవనంలో పెళ్ళికి వెంకన్నసామి కుబేరుడికి పత్రం రాసిచ్చినాడు గదా! బ్రమ్మా శివుడూ సాచ్చికం, రావిచెట్టు కూడా. ఇంగా వడ్డీ కడతానే ఉండాడు. వీళ్ళు రాసుకుంటే నీకేంది?" అన్నాడు. అత్తమ్మ నవ్వు ఆపుకుంటూ లోపలికి పోయింది. తిరుపతి చుట్టుపక్కల మీకు ఇంతకంటే మంచి వాదన దొరకదు, వాడుకోండి.

నాయన చివరిసారి చదివి రెండే మార్పులు చేశాడు. ప్రతి పేజీ కింద ఇద్దరి సంతకం, కొట్టివేతల పక్కన పొడి సంతకం. 'ప్రేమతో' అని నేను ఒకచోట రాస్తే, "ప్రేమాభిమానములు దానసెటిల్‌మెంటులో రాస్తాం, ఇక్కడ అంకెలు రాయి" అని కొట్టేశాడు. ముఖ్యమైన రెండు పేజీలు వంద రూపాయల స్టాంపు పేపరు మీద ఎక్కించి నోటరీ చేయించాం. స్టాంపు వేస్తే చెల్లనిది చెల్లుతుందని కాదు. ఏ తేదీన ఎవరు సంతకం పెట్టారో గొడవ లేకుండా ఉంటుందని.

ఏడాదికోసారి తీసి చూడాలని కూడా రాసుకోండి. మాకది 2025లో అక్కరకొచ్చింది. ఆ ఏడు తోతాపురి ధర పడిపోయింది, ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి నిలబడ్డాయి. మామకు కోత కూలీ కూడా గిట్టలేదు. మా ఆయన ఖాతాలోంచి ఇంటికి వెళ్ళేది రెట్టింపయింది, ఉమ్మడి ఖాతాలో వేయాల్సింది తగ్గింది. ముందు అనుకున్న నిష్పత్తి కొట్టేసి ఆరు నెలలకు కొత్తది రాసి, పక్కన పొడి సంతకాలు పెట్టుకున్నాం. రెండు రూపాయల వడ్డీ అప్పు అప్పటికే తీరిపోయింది కాబట్టి ఊపిరాడింది.

నా చీటీ కూడా అయిపోయింది. ఆ వరుస మీద నేనే గీత కొట్టాను. దాని కింద ఆయన కొత్తగా ఒకటి రాశారు: ఆవు, ఒకటి, జెర్సీ, అత్తమ్మ దగ్గర, 62,000, ఇద్దరిదీ సగం సగం. హద్దులు రాయలేదేమని అడిగితే, "అది హద్దుల్లో ఉంటే గదా" అన్నారు.